ముళ్లపొద రాజు కాకముందే



న్యాయాధిపతుల గ్రంథం తొమ్మిదవ అధ్యాయంలో యోతాము చెప్పిన కథ మీరు వినే ఉంటారు. చెట్లన్నీ కలిసి తమకొక రాజును ఎన్నుకోబోయాయి. ఓలివ చెట్టును అడిగితే, తన నూనెను వదులుకుని రాలేనంది. అత్తి చెట్టు తన తీపిని వదులుకోనంది. ద్రాక్షతీగ తన రసాన్ని విడిచిపెట్టనంది. చివరకు ముళ్లపొదను అడిగాయి. అది వెంటనే ఒప్పుకుంది. పైగా, వచ్చి నా నీడన చేరండి, లేదంటే నాలోనుండి అగ్ని లేస్తుందని బెదిరించింది కూడా. ముళ్లపొదకు నీడెక్కడిది?

ఈ వాక్యం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ప్రతిసారీ ముళ్లపొదనే తిట్టాను. చెడ్డ నాయకులను తిట్టడం గురువులకూ తేలికే, విశ్వాసులకూ తేలికే. తక్కిన మూడు చెట్ల సంగతి మాత్రం ఈమధ్య మా విచారణలోని ఒక గృహస్థుడు చూపించేదాకా నాకు కనబడలేదు.

ఒక ఆదివారం రెండవ పూజ ముగిశాక ఆయన నా దగ్గరకు వచ్చాడు. మా విన్సెంట్ డి పాల్ సంఘంలో పనిచేసే మనిషి. ఏటా ఆగమనకాలంలో తోటివారిని వెంటబెట్టుకుని, రాత్రిపూట స్టేషను రోడ్డున అరుగుల మీద పడుకునే వారికి దుప్పట్లు పంచుతాడు. "ఫాదర్ గారూ, ఈసారి మా వార్డులో నిలబడదామనుకుంటున్నాను. మీరేమంటారు?" అని అడిగాడు.

నేను ఆలోచించకుండానే, "ఎందుకయ్యా నీకీ బురద? చక్కగా దుప్పట్లు పంచుకుంటున్నావు, చాలదా?" అన్నాను.

ఆయన వాదించలేదు. "ఆరేళ్లుగా పంచుతున్నామండి. అదే చోట, అదే మనుషులకు. పోయినేడు ఇచ్చింది వానకు నాని చీకిపోయిందని ఒక ముసలమ్మ ఈసారి ముందే చెప్పి పెట్టుకుంది. నాకు సిగ్గేసింది ఫాదర్ గారూ" అని, స్తోత్రం చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నా మంచం మీద నాకు నిద్ర పట్టలేదు. యోతాము కథలో అత్తి చెట్టు తనంతట తానే రానంది. ఇక్కడ వస్తానన్న చెట్టును నేనే వద్దన్నాను.

సహోదరులారా, ఇటువంటి ప్రశ్నకు శ్రీసభ చరిత్రలో ఒక మనిషి తన జీవితంతోనే జవాబు చెప్పాడు. ఆయన పేరు జార్జో లా పీరా. 1904 జనవరి 9న ఇటలీలోని సిసిలీ దీవిలో పొజాల్లో అనే ఊరిలో పుట్టాడు. ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయంలో రోమను న్యాయశాస్త్రం బోధించే ఆచార్యుడు. వివాహం చేసుకోలేదు, గురువు కూడా కాలేదు. దొమినికను సభ తృతీయ శాఖలో చేరిన గృహస్థుడు. ఆ సభవారి పునీత మార్కు మఠంలో ఒక చిన్న గదిలో చాలాకాలం బ్రతికాడు.

1934 నుండి ఆయన ఫ్లోరెన్సులో పేదల కోసం ఆదివార పూజను ఏర్పాటు చేశాడు. పూజ ముగిశాక అక్కడే రొట్టె పంచేవారు. బిచ్చగాళ్లు, ఇల్లూ వాకిలీ లేనివారు, చెరసాలనుండి విడుదలై వచ్చినవారు ఒకే బల్లల మీద కూర్చునేవారు. ఇదంతా మన విన్సెంట్ డి పాల్ సంఘం చేసే పని వంటిదే.

అంతలో యుద్ధం వచ్చింది. 1944 ఆగస్టులో జర్మను సేనలు వెనుదిరుగుతూ ఆర్నో నది మీది వంతెనల్లో ఒక్క పాత వంతెనను విడిచి తక్కినవన్నీ పేల్చివేశాయి. నదికి ఇరువైపులా ఇండ్లు కూలిపోయాయి. యుద్ధం ముగిసి ఏండ్లు గడిచినా నగరంలో అద్దె కట్టలేక వీధిన పడే కుటుంబాలు తరగలేదు. లా పీరా ఎదుట అప్పుడు నిలిచిన ప్రశ్న మా ఊరి దుప్పట్ల ప్రశ్నే. ఆదివారం రొట్టె తీసుకున్న మనిషి సోమవారం రాత్రి ఎక్కడ పడుకుంటాడు?

1951లో ఆయన నగరపాలక ఎన్నికలలో నిలబడి మేయరయ్యాడు. అప్పుడు చేసిన పనులలో ఒకటి మనం గుర్తుంచుకోదగ్గది. నగరంలో ఒకవైపు ఇల్లు లేని కుటుంబాలుంటే, మరొకవైపు తాళాలు వేసిన భవంతులున్నాయి. వాటిని తాత్కాలికంగా అద్దెకివ్వమని యజమానులను బ్రతిమాలాడు. వినలేదు. న్యాయశాస్త్ర పండితుడు గదా, 1865 నాటి ఒక చట్టాన్ని వెదికి తీశాడు. తీవ్రమైన ప్రజావసరం వచ్చినప్పుడు ప్రైవేటు ఆస్తిని కొంతకాలం వాడుకోవచ్చునన్నది దాని సారం. ఆ చట్టం బలంతో ఖాళీ ఇండ్లను స్వాధీనం చేసుకుని, వీధిన పడ్డవారిని వాటిలో ఉంచాడు.

అది అక్కడితో ఆగలేదు. నది ఒడ్డున ఇసొలొత్తో అనే కొత్త పేటను కట్టించి, 1954 నవంబరు 6న కుటుంబాలకు తాళంచెవులు అందజేశాడు. ఆయన దృష్టిలో నగరమంటే వరుసగా పేర్చిన గదులు కావు. మనిషికి నగరంలో ప్రార్థించడానికి గుడి, ప్రేమించి బ్రతకడానికి ఇల్లు, కష్టపడడానికి పని, నేర్చుకోవడానికి బడి, స్వస్థత పొందడానికి ఆసుపత్రి ఉండాలని ఆయన పదేపదే చెప్పేవాడు. 1953లో పిన్యోనె కర్మాగారం మూతపడి వెయ్యికి మించిన కార్మికులు వీధిన పడబోతే, వారి పక్షాన నిలిచి, ప్రభుత్వ చమురు సంస్థ ఆ కర్మాగారాన్ని తీసుకునేలా చేశాడు. కార్మికుడి పని పోతే తాను ఇప్పించిన ఇల్లూ నిలవదని ఆయనకు తెలుసు.

ఆయనను అందరూ మెచ్చుకున్నారనుకోవద్దు. ఆస్తిపరులు కోపించారు. నగర ఖజానా లెక్క చూడడని ప్రత్యర్థులన్నారు. దొన్ లుయీజి స్తూర్జో అనే గొప్ప గురువు, రాజకీయాలెరిగినవాడు, 1954లో పత్రికాముఖంగానే ఆయనతో తలపడ్డాడు. అన్నీ ప్రభుత్వమే చేయాలంటే స్వేచ్ఛ మిగలదన్నది ఆ గురువు భయం. ఆ భయంలోనూ సత్యముంది. ఆయనకు లా పీరా ఇచ్చిన సమాధానం సారాంశం ఇది: పని లేని మనిషి, ఇల్లు లేని మనిషి వచ్చి మేయరు తలుపు తట్టినప్పుడు, సిద్ధాంతం తేలేవరకు ఆగమనడం ఎలా? నగరసభలో కూడా ఆయన ఇదే మాట అన్నాడు. నా మీద విశ్వాసం లేదని మీరు నన్ను దించవచ్చు గాని, పేదవాడిని పట్టించుకోవద్దని చెప్పే హక్కు మీకు లేదన్నాడు. చివరకు పదవి పోయింది కూడా. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. 1977 నవంబరు 5న ఆయన మరణించాడు. దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు 2018 జూలైలో ఆయన వీరోచిత సుగుణాలను గుర్తించి పూజ్యుల వరుసలో చేర్చారు. ఇండ్ల తాళంచెవులు పంచిన ఒక మేయరును శ్రీసభ పీఠం మెట్లవైపు నడిపిస్తోందన్నమాట.

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు చెప్పిన ఒక విషయం పరీక్ష కోసం కంఠతా పట్టాను. కడపటి అవసరంలో ఉన్నవాడి ఎదుట లోకంలోని వస్తువులన్నీ ఉమ్మడివేనని ఆయన బోధ. సొంత ఆస్తి న్యాయమే గాని, దేవుడు భూమిని అందరికోసం చేశాడన్న మొదటి సత్యం దానికి పైన ఉంటుంది. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. ఆ బోధకు ఒక మేయరు చేతిలో తాళంచెవి రూపం ఎలా వచ్చిందో చాలాకాలం తర్వాత గాని నాకు తెలియలేదు.

ఆ బోధలోనే మరో భేదం ఉంది. ప్రేమకార్యం వేరు, న్యాయం వేరు. నా దుప్పటి నీకివ్వడం ప్రేమ. నీకు రావలసింది నీకు దక్కేలా చూడడం న్యాయం. రెండోది లేనప్పుడు మొదటిది ఏటేటా అదే చోట, అదే మనుషులకు పంచుతూనే ఉండవలసి వస్తుంది. మా సోదరుడు సిగ్గుపడింది ఇందుకే. దుప్పటి పంచడం తప్పని నేననడం లేదు. ఆ రాత్రి చలి ఆ రాత్రిదే. కాని దుప్పటితో మన బాధ్యత తీరిపోయిందనుకోవడం తప్పు.

1987లో, నిరాశ్రయుల కోసం ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ సంవత్సరంలో, శ్రీసభ న్యాయ శాంతి సంఘం ఒక పత్రాన్ని వెలువరించింది. ఇల్లు లేని నీ సహోదరుడికి నువ్వేమి చేశావన్న ప్రశ్నే దాని పేరు. ఇల్లు లేకపోవడం ఒక్కొక్కరి దురదృష్టం కాదనీ, సమాజ నిర్మాణంలోనే ఉన్న లోపమనీ ఆ పత్రం స్పష్టం చేసింది.

మరి మన సంగతి? 2011 జనాభా లెక్కలలో మన దేశంలో ఇల్లు లేనివారు 17 లక్షలకు పైగా తేలారు. వారిలో 9 లక్షలకు పైగా పట్టణాలలో ఉన్నవారే. 1985లో సుప్రీంకోర్టు బొంబాయి పేవ్‌మెంట్ల మీద బ్రతికేవారి కేసులో, జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఉందని చెప్పింది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ, మురికివాడల మెరుగుదలనూ పట్టణ పేదరిక నిర్మూలననూ పురపాలక సంస్థలకు అప్పగించదగిన పనుల పట్టికలో చేర్చింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషను, ప్రతి లక్ష జనాభాకు కనీసం వందమందికి చోటుండే శాశ్వత ఆశ్రయం కావాలని ప్రమాణం పెట్టింది. కాగితం మీద ఇంత ఉంది. మన వార్డు సభ్యుడు కౌన్సిలు సమావేశంలో లేచి, మన ఊరి జనాభా ఎంత, ఆశ్రయాలెన్ని, వాటి తలుపులు రాత్రి తెరిచి ఉంటున్నాయా అని అడగకపోతే ఆ కాగితం కాగితంగానే ఉంటుంది. ఆ ప్రశ్న అడిగే మనిషిని పంపడం మన చేతిలో ఉంది.

ఫాదర్ గారూ, మీరే నిలబడవచ్చు గదా అని ఎవరైనా అడగవచ్చు. నేను నిలబడకూడదు. పరిపాలనాధికారం గల పదవులను గురువులు స్వీకరించరాదని శ్రీసభ చట్టం 285వ నియమం చెబుతోంది. బలిపీఠం అందరిదీ కావాలి గదా. అయితే అదే శ్రీసభ రెండవ వాటికన్ మహాసభలో, లౌకిక వ్యవహారాలను దేవుని చిత్తం ప్రకారం చక్కబెట్టడం గృహస్థుల పిలుపని బోధించింది. నా చేతులకు లేని పని మీ చేతులకుంది. ఆ చేతులను నేను కట్టివేయకూడదు.

కనుక నిలబడదలచినవారు తమ అంతరాత్మను మూడు ప్రశ్నలు అడగాలి. మొదటిది: నేను ఎవరి ముఖం తలచుకుని నిలబడుతున్నాను? ఆ ముసలమ్మ ముఖమా, ఫ్లెక్సీ మీద నా ముఖమా? రెండవది: ఓటుకు నోటిస్తేనే గెలుస్తానంటే, ఓడిపోవడానికి సిద్ధమేనా? మూడవది: నా ఇంటికీ నా కులానికీ నా విచారణకూ మాత్రమే కాక, నా గుడి మెట్లు ఎన్నడూ ఎక్కనివారికి కూడా సేవకుడిగా ఉండగలనా? చెరపట్టుకుపోయిన నగర క్షేమాన్ని కూడా కోరమని యిర్మీయా ప్రవక్త ఆనాటి ప్రజలకు వ్రాశాడు. అది వారి సొంత నగరమైనా కాదు.

తక్కిన మనకు ఒక్కటే ప్రశ్న. మంచివాడు నిలబడితే, గెలవడులే అని మన ఓటు వేరొకరికి వేసి, ఆ తర్వాత అయిదేండ్లు ముళ్లపొదను తిట్టుకుంటామా?

ఆ తర్వాతి వారం నేనే ఆయన ఇంటికి వెళ్లాను. ఇంటి ఇల్లాలు కాఫీ ఇచ్చి, "మీరైనా వద్దని చెప్పండి ఫాదర్ గారూ, ఉన్న నాలుగు రాళ్లూ పోతాయి" అంది. ఆమె భయం నిజమైనదే. దానిని నేను తీసిపారేయలేదు. ఆయనతో మాత్రం, "నాయనా, ఆనాడు నేను తొందరపడి మాట్లాడాను, క్షమించు. నిలబడాలో వద్దో మీరిద్దరూ కలిసి ప్రార్థించి తేల్చుకోండి. నిలబడితే గుడి మైకులో నీ పేరు చెప్పను, నీకు ఓటెయ్యమని ఎవరినీ అడగను. కాని నిన్ను వద్దనను" అన్నాను.

"ఓడిపోతే?" అన్నాడు.

"ఓడినా ఆ ప్రశ్న ఊరంతా వింటుంది" అన్నాను.

ఆయన ఇంకా తేల్చుకోలేదు. మీరీ మాటలు చదివేనాటికి తేల్చుకుంటాడేమో. ఆయన కోసం, ఆయన ఇల్లాలి కోసం ప్రార్థించండి.

సత్రంలో చోటులేక పశువుల తొట్టిలో పవళించినవాడు, నక్కలకు బొరియలున్నా తనకు తలవాల్చుకోవడానికి తావు లేదన్నవాడు మన ప్రభువు. కడపటి దినాన ఆయన మనలను దుప్పటి ఇచ్చావా అని అడుగుతాడు. పరదేశినై ఉన్నప్పుడు నన్ను చేర్చుకున్నావా అని కూడా అడుగుతాడు. చేర్చుకోవాలంటే చోటు ఉండాలి. ఆ చోటును కట్టించే ధైర్యాన్ని, కట్టించేవారిని ఎన్నుకునే వివేకాన్ని, బెత్లెహేములో తలుపు తలుపూ తట్టిన పునీత జోజప్పగారి వేడుకోలు ద్వారా ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమెన్.