జో లూయిస్ పిడికిలి ఎవరిది?

ఆదోనిలో జరిగిన ఒక చర్చాగోష్ఠిలో ఒక విద్యార్థి మిత్రుడు జో లూయిస్‌ను “దొరలకు మచ్చికైన మల్లుడు” అన్నాడు. చప్పట్లు మోగాయి. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు ఒకాయన మాత్రం “ఆయన ఏ చేనిలోంచి లేచి వచ్చాడో తెలుసుకుని మాట్లాడు నాయనా” అన్నాడు. యీ మాటలు రెండూ పరిశీలించదగినవే.

బలశాలి అంటే మన ఇళ్లల్లో కోడి రామమూర్తి. కండ చూపించే కుర్రవాణ్ణి ఆ పేరుతోనే ఎగతాళి చేస్తాము. ఆయనను గురించి మనకు కథలు వున్నాయిగాని తగాదాలు లేవు. లూయిస్ సంగతి వేరు. ఆయన పిడికిలి మీద ఒక పీడిత జాతి ఆశా, ఒక ప్రభుత్వం అవసరమూ రెండూ వచ్చి కూర్చున్నాయి.

ఆయన 1914లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, పత్తి పండే సీమలో, కోరుకు సేద్యం చేసే నీగ్రో కుటుంబంలో పుట్టాడు. పత్తి సంగతి ఆదోని వారికి ఒకరు చెప్పనక్కరలేదు. పండించినవాడు తన సరుకుకు ధర తాను చెప్పలేడు. బోరా మోసేవాడికి అది ఎంత పలికినా ఒకటే. అలాంటి చేనిలోంచి వచ్చినవాడు 1937లో హెవీవెయిట్ ఛాంపియన్ అయి, 1949 వరకు ఆ బిరుదును 25 సార్లు నిలబెట్టుకున్నాడు.

ఆయనకంటే ముందు, 1908లో, జాక్ జాన్సన్ ఆ బిరుదు గెలిచిన మొదటి నల్లవాడు. ఎవరికీ తల వంచకుండా, తెల్ల స్త్రీలతో బాహాటంగా తిరిగాడు. దాని ఫలితం 1913లో నేరస్థుడన్న తీర్పు. అమెరికా ప్రభుత్వం ఆయనను క్షమించింది 2018లో, చనిపోయిన 72 ఏళ్లకు! యీ అనుభవం చూసినవారు గనుక లూయిస్ మేనేజర్లు ఆయనకు కొన్ని నియమాలు పెట్టారు. తెల్ల స్త్రీ పక్కన ఫొటో దిగకూడదు. పడిపోయిన ప్రత్యర్థిని చూసి నవ్వకూడదు. నియమాలు పెట్టిన ఆ మేనేజర్లు కూడా నల్లవారే. మన మిత్రుడు “మచ్చిక” అన్నది దీన్నే. భయం నేర్పిన జాగ్రత్తకు అది సరైన పేరేనా?

1938 జూన్ 22న జర్మన్ మల్లుడు ష్మెలింగ్‌ను లూయిస్ మొదటి రౌండులోనే, 124 సెకన్లలో పడగొట్టాడు. (ష్మెలింగ్ నాజీ పార్టీ సభ్యుడు కాడు. నాజీలు ఆయన్ను తమ జెండాగా వాడుకున్నారు.) ఆ రాత్రి అమెరికా తెల్లవారు కూడా ఒక నల్లవాడి గెలుపుకు కేకలు వేశారు. అయినా ఆ అభిమానం చట్టాలను మార్చలేదు. దక్షిణాది రైళ్లలో నల్లవారి పెట్టె వేరుగానే వుండిపోయింది.

1942 జనవరిలో ఆయన తన పందెపు డబ్బును నౌకాదళ సహాయనిధికి ఇచ్చాడు. ఆనాడు ఆ నౌకాదళం నల్లవాణ్ణి చేర్చుకునేది వంటశాల చాకిరీకే. తర్వాత సామాన్య సిపాయిగా సైన్యంలో చేరాడు. అక్కడే జాకీ రాబిన్సన్ వంటి నల్ల యువకులకు అధికారుల శిక్షణలో చోటు దొరకడానికి తన పలుకుబడి వినియోగించాడు. యీ రెండు పనులూ ఒకే మనిషివి.

దీన్ని లొంగుబాటు అనేవారు ఒక సంగతి ఆలోచించాలి. అదే 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప పూనికతో చేనేత సహకార సంఘం వెలిసింది. అది కూడా తెల్లవారి పాలనలోని చట్టం కిందనే నమోదైంది. నేతగాడి మగ్గం ఆడడానికి అది దారి చూపింది. దాన్ని కూడా మచ్చిక అందామా? పోరాడడం ఒక పని. పోరాడేవాడు బతికి వుండేలా చూడడం మరొక పని.

అంతమాత్రం చేత లూయిస్‌కు నేను మొత్తంగా వకాల్తా పుచ్చుకోను. 1967లో ముహమ్మద్ అలీ వియత్నాం యుద్ధానికి పోనన్నాడు. బిరుదు లాక్కున్నారు, శిక్ష వేశారు. 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఆ రోజుల్లో అలీని తప్పుపట్టిన వారిలో లూయిస్ ఒకడు. నా అభ్యంతరమల్లా ఇక్కడే. తాను వంగినందుకు ఆయన్ను నిందించను. వంగనివాణ్ణి నిందించినందుకు నిందిస్తాను. కష్టకాలంలో తనకు పనికివచ్చిన ఉపాయాన్ని తర్వాతి తరానికి ధర్మశాస్త్రంగా విధించే హక్కు ఎవరికీ లేదు.

అలీ కూడా బదులుగా లూయిస్‌ను దొరల బంటు అన్నాడు. కాలం దానికి విచిత్రంగా జవాబు చెప్పింది. 1980లో అలీ మద్రాసు వచ్చి ప్రదర్శన పోటీలో దిగాడు. మన దేశంలో వుండగానే కార్టర్ ప్రభుత్వం పిలుపు అందుకుని, మాస్కో ఒలింపిక్స్‌ను బహిష్కరించమని చెప్పడానికి ఆఫ్రికా బయలుదేరాడు. టాంజానియాలో నైరేరే ఆయన్ను చూడనైనా చూడలేదు. దీనితో 1967 నాటి తిరస్కారం అబద్ధమైపోతుందా? కాదు. లూయిస్ విషయంలో కూడా అదే న్యాయం పాటించమని నా మనవి.

లూయిస్ కడపటి రోజులు లాస్‌వేగాస్ జూదశాలలో అతిథులకు స్వాగతం చెబుతూ గడిచాయి. పన్ను బకాయి మిలియన్ డాలర్లు దాటింది. అందులో ఆయన దుబారా కూడా వుంది. 1981లో చనిపోతే సైనిక గౌరవాలతో ఆర్లింగ్టన్‌లో పూడ్చారు.

గోష్ఠి ముగిశాక విద్యార్థి మిత్రుడు ఆ ఉపాధ్యాయుణ్ణి అడిగాడు: “సరే సార్, లూయిస్‌ను నేను తొందరపడి అన్నాను. మరి పోయిన ఏడు మేము ఫీజుల మీద సమ్మె చేస్తే, మీ కాలంలో మీరు సర్దుకుపోయామని చెప్పి మమ్మల్ని ఆపారు కదా, అది ఏమిటి?” ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఎమ్మిగనూరు బస్సు వచ్చినా ఎక్కకుండా, “కూర్చో, చెప్పు” అన్నాడు.