వీరాస్వామయ్య దారిన పోయే ముందు



ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి పోయిన దారి పట్టుకుని, కృష్ణ ఒడ్డు నుంచి పెంట్లవెల్లి, పానగల్, వనపర్తి మీదుగా బండి మీద పోతానని, దారిలో అగ్నిపర్వతాల రాళ్లు కూడా వీడియో తీస్తానని రాశావు. సంతోషం. నీ జాబులో ఎక్కడ ఫోటో దిగాలో ఉంది గాని, ఎవరితో మాట్లాడాలో లేదు.

వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే మాటలు తర్జుమా చేసేవాడు. సుమారు వందమంది పరివారంతో 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పల్లకీలో పోగల మనిషి. అయినా ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఎక్కడ దిగడానికి చోటుంది అని మజిలీ మజిలీకీ రాసుకున్నాడు. తన వెనక ఇంకెవరో వస్తారన్న ఎరుకతో రాసిన రాత. జమీందార్ల తగవుల్లో నలిగిన రైతుల గోడూ వదల్లేదు. ఆ రాతే 1838లో పుస్తకంగా అచ్చయింది. అప్పటికి ఆయన లేడు.

ఆయన నాటి కృష్ణ ఒడ్డు ఇప్పుడు లేదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు కప్పేశాయి. సంగమేశ్వరం గుడి నీళ్లు దిగితేనే బయటపడుతుంది. డ్రోను ఎగరేసుకో, వద్దనను. కానీ సోమశిలలో పెద్దవాళ్లు కనిపిస్తే, ముంపులో పోయిన ఊళ్ల గురించి అడుగు. ఒకసారి మొదలైతే పరిహారం దాకా, కోర్టుల దాకా పోతుంది ఆ మాట. సాంతం వినే తీరిక లేకపోతే అసలు అడగకు.

ఇక రాళ్లు. పానగల్ ఖిల్లా గుట్ట, వనపర్తి చుట్టూ ఉన్న బండలు లావా కావు. భూమి లోపలే నిదానంగా చల్లారిన గ్రానైటు. గద్వాల వైపు నల్లగా, పచ్చ ఛాయతో కనిపించే పాత రాళ్లలో మాత్రం లావా ఉంది. వాటి వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే. పొగ చిమ్మే కొండ కోసం వెతికితే దొరకదు, అంతా ఎప్పుడో అరిగిపోయింది. దక్కను లావా చూడాలంటే వీరాస్వామయ్య లాగే హైదరాబాదు దాటి నాగపురం దారి పట్టాలి; అది 6.6 కోట్ల ఏళ్ల నాటిది, రాళ్లలో పసికూన! గద్వాల ఆయన దారికి పడమరన ఉంది. అక్కడ చూసింది నీ పేరు మీదే చెప్పుకో, ఆయన పేరు అతికించకు. అన్నిటినీ కలిపి 'అగ్నిపర్వతాల దారి' అని పెట్టావంటే చూసేవాళ్లు ఎక్కువమందే ఉంటారు, అయినా అబద్ధమే.

గద్వాల చేలల్లో పత్తి విత్తనం పండిస్తారు. సాయంత్రం మొగ్గలు ఒలిచి, మర్నాడు పొద్దున పుప్పొడి రాస్తారు, క్రాసింగ్ అంటారు. ఎండ ముదిరేలోపు అయిపోవాల్సిన పని. అప్పుడు కెమెరా పెట్టి వాళ్లను ఆపకు. అన్నం మూటలు విప్పేదాకా ఆగి, కూలి ఎంత, చేతికి ఎప్పుడొస్తుంది, పిల్లలు బడికి పోతున్నారా అని అడుగు. చెప్పింది రాసుకుని, అక్కడే వాళ్లకు చదివి వినిపించు. పేరు వద్దంటే కొట్టెయ్.

నాగర్‌కర్నూల్ వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు తీసుకురా. వీడియో తర్వాత చూద్దాం. అత్త జొన్నరొట్టెలు చేస్తానంది, ముందురోజు ఫోన్ చెయ్.

నీ మేనమామ