రెండు తగాదాల మనిషి

నాయనా,

పంచాయతీ సమావేశంలో ఒక పెద్దమనిషి నిన్ను "ఉప్పూ పప్పూ తూచుకునేవాడివి, నీకెందుకురా లెక్కలు" అన్నాడనీ, నువ్వు కుర్చీ ఎత్తావనీ మీ అమ్మ చెప్పింది. పక్కవాళ్లు పట్టుకోబట్టి సరిపోయింది. ఇప్పుడు వార్డు సభ్యత్వానికి రాజీనామా చేస్తానంటున్నావట. ఆ పని చేసేముందు, నీలాగే ఒకపక్క వ్యాపారం, ఇంకోపక్క సభ చూసుకున్న ఒక మనిషి సంగతి చదువు.

అతని పేరు మాథ్యూ లియాన్. ఐర్లండ్‌లో పుట్టాడు. పదిహేనేళ్ల ప్రాయంలో అమెరికా ఓడెక్కాడు. ఓడ ఖర్చుకు డబ్బుల్లేక కొన్నేళ్ల చాకిరీకి ఒప్పుకున్నాడు. మధ్యలో ఒక యజమాని అతణ్ణి జత కోడెలకు మారుగా ఇంకొకరికి ఇచ్చేశాడని చెప్పుకుంటారు. చాకిరీ తీరాక వెర్మాంట్ చేరాడు. అప్పటికి అదంతా అడవి. 1783లో ఫెయిర్ హేవెన్ అనే ఊరు నిలబెట్టి రంపపు మిల్లు, ఇనుము కార్ఖానా, కాగితం మిల్లు పెట్టాడు. బాస్‌వుడ్ చెట్టు బెరడుతో కూడా కాగితం తీశాడు. సొంతంగా పత్రిక అచ్చేశాడు. వెర్మాంట్ శాసనసభలో ఏళ్ల తరబడి కూర్చుని, 1797లో దేశ కాంగ్రెస్‌కు వెళ్లాడు.

అక్కడి కలిగినింటివాళ్లకు అతని పుట్టుకే వేళాకోళమైంది. పైగా అతనికో పాత పుండు ఉంది. 1776లో, స్వాతంత్ర్య యుద్ధంలో, అతని దళం కాపలా స్థావరం వదిలి వెనక్కి వచ్చేసింది. లెఫ్టినెంటుగా ఉన్న అతణ్ణి కొలువులోంచి తీసేశారు. సైనికులు తన మాట వినలేదనే అతను చెప్పుకొచ్చాడు. తర్వాత మళ్లీ సైన్యంలో పనిచేసినా, పిరికితనానికి గుర్తుగా అతని నడుముకు చెక్క కత్తి కట్టించారన్న పుకారు మాత్రం పోలేదు. 1798 జనవరి 30న ఫిలడెల్ఫియాలో, సభలోనే, కనెక్టికట్ సభ్యుడు రోజర్ గ్రిస్వోల్డ్ ఆ చెక్క కత్తి మాట ఎత్తాడు. లియాన్ అతని మొహాన ఉమ్మేశాడు. సభనుంచి వెళ్లగొట్టాలని తీర్మానం పెడితే, మూడింట రెండు వంతుల ఓట్లు పడక బయటపడ్డాడు. ఫిబ్రవరి 15న గ్రిస్వోల్డ్ చేతికర్రతో వచ్చి అతణ్ణి సభలోనే బాదాడు. లియాన్ చలిపొయ్యి దగ్గరున్న పట్టకారు అందుకున్నాడు. జనం నవ్వుకోవడానికి బొమ్మలు అచ్చయ్యాయి. వెర్మాంట్ రైతుకు ఇందులో ఒరిగింది ఏమీ లేదు. లియాన్ మీద పడ్డ మచ్చ కూడా పోలేదు.

రెండో తగాదా అదే ఏడాది వచ్చింది. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ప్రజల మేలు వదిలి అధికారానికీ ఆడంబరానికీ వెంపర్లాడుతున్నాడని లియాన్ పత్రికకు ఉత్తరం రాశాడు. అది రాసేనాటికి, ప్రభుత్వాన్ని తిట్టి రాస్తే శిక్షించే సెడిషన్ చట్టం లేదు. జులైలో చట్టం వచ్చింది, ఆ తర్వాతే ఉత్తరం అచ్చయింది. అక్టోబరులో నాలుగు నెలల జైలు, 1,000 డాలర్ల జరిమానా వేశారు. ఆ చట్టం కింద మొదట శిక్షపడ్డవాడు అతనే. నాయనా, ఇక్కడ నిదానంగా చదువు. ఈసారి అతను ఎవరిమీదా ఉమ్మలేదు, పట్టకారు పట్టలేదు. తన మాటకు కట్టుబడి వెర్మాంట్ చలిలో ఆ నాలుగు నెలలూ వెర్జెన్స్ ఊరి జైల్లో గడిపాడు. జైల్లో ఉండగానే ఎన్నికలొస్తే ఓటర్లు అతణ్ణే మళ్లీ గెలిపించారు. ఉమ్మినవాడూ ఇతనే, జైలుకెళ్లినవాడూ ఇతనే. మొదటిసారి తన పరువు కోసం కొట్లాడాడు, రెండోసారి ఊరందరి గొంతు కోసం నిలబడ్డాడు. జనానికి ఆ తేడా తెలిసింది.

1801లో అధ్యక్ష పదవికి పోటీపడ్డ జెఫర్సన్‌కూ బర్‌కూ ఓట్లు సమానమై అధ్యక్షుణ్ణి తేల్చే పని కాంగ్రెస్ మీద పడింది. 36వ విడతలో వెర్మాంట్ ఓటు జెఫర్సన్‌కు పడింది. లియాన్ తోటి వెర్మాంట్ సభ్యుడు పక్కకు తప్పుకోవడంతో ఆ ఓటు ఇతని చేతిలోకి వచ్చింది. అవమానమైందని రాజీనామా చేసి ఇంటికి పోయి ఉంటే, ఆరోజు ఆ కుర్చీలో ఉండేవాడే కాదు.

అతణ్ణి దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. తర్వాత కెంటకీ వెళ్లి, అక్కణ్ణుంచీ కాంగ్రెస్‌కు గెలిచాడు. 1812 యుద్ధానికి పడవలు కట్టబోయి దివాలా తీశాడు. ముసలితనంలో అర్కాన్సాస్‌లో చెరోకీల మధ్య ప్రభుత్వ వర్తకశాల నడిపి, 1822లో అక్కడే పోయాడు. 1840లో కాంగ్రెస్ ఆ జరిమానాను వడ్డీతో సహా అతని వారసులకు తిరిగి ఇచ్చింది.

చెరువు పూడికతీత బిల్లు గురించి నువ్వు అడగబోయావనే కదా, ఆ పెద్దమనిషి నీ కొట్టు మీదికి మాట మళ్లించాడు. నువ్వు కుర్చీ ఎత్తగానే బిల్లు సంగతి అందరూ మరిచిపోయారు. కాబట్టి పని కొలతలు రాసే ఎం.బుక్ చూపించమని కార్యదర్శికి కాగితం రాసిచ్చి రసీదు తీసుకో. చూపించకపోతే సమాచార హక్కు కింద అడుగు. సమావేశంలో ప్రశ్న వేశాక, అది మినిట్స్‌లో ఎక్కిందాకా లేవకు. నీ కొట్టు గురించి ఎవరేమన్నా జవాబివ్వకు. కాగితం రాశాక ముందు నాకు వాట్సాప్‌లో పంపు. అందులో ఆ మనిషిమీద కోపంతో రాసిన వాక్యం కనబడితే కొట్టేసి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య