నేనెవరు? ఇంద్రుడి 101 ఏళ్ల ప్రశ్న



ఆలయంలో అర్చనకు నిలబడగానే పూజారిగారు గోత్రం, నక్షత్రం, పేరు అడుగుతారు. పెద్దలం తడుముకోకుండా చెప్పేస్తాం. పిల్లలు అమ్మ ముఖం వైపు చూస్తారు. "నువ్వెవరు?" అనే ప్రశ్నకు అది ఒక జవాబు. బడిలో చెప్పేది వేరు, ఆఫీసులో చెప్పేది వేరు. మరి వీటిలో అసలు "నేను" ఏది?

ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలో ఇంద్రుడు, విరోచనుడు ఆత్మను తెలుసుకోగోరి ప్రజాపతిని ఆశ్రయిస్తారు. 32 ఏళ్ల బ్రహ్మచర్యం తర్వాత ఆయన, చక్కగా అలంకరించుకుని నీటిలో చూసుకోమంటాడు. తమ రూపం చూసుకుని ఇద్దరూ తృప్తిగా వెళ్లిపోతారు. విరోచనుడు దేహమే ఆత్మ అని అసురులకు బోధిస్తాడు. ఇంద్రుడికి మాత్రం దారిలోనే సందేహం వస్తుంది: దేహానికి చూపు పోతే, అది నశిస్తే, నేనూ అంతేనా? వెనక్కి వస్తాడు. ఇంకో 32 ఏళ్లుండి కలలో తిరిగే "నేను" గురించి, మరో 32 ఏళ్లుండి గాఢనిద్రలోని "నేను" గురించి వింటాడు. అవీ చాలవని తిరిగి వస్తాడు. చివరగా 5 ఏళ్లున్నాక, దేహం నశించేదే అయినా అందులో ఉండే ఆత్మకు మరణం లేదని తెలుసుకుంటాడు. మొత్తం 101 ఏళ్లు!

నేటి మనస్తత్వ శాస్త్రం కూడా "నేను" అనే భావన వయసుతో ఎదుగుతుందనే చెబుతోంది. అద్దంలో ఉన్నది తానేనని బిడ్డ సుమారు ఏడాదిన్నర, రెండేళ్లకు గుర్తుపడుతుంది. అయిదేళ్లవాడు తన సైకిలు గురించి, తన పరుగు గురించి చెబుతాడు. ఇంకాస్త పెరిగాక తోటివారితో పోల్చుకుంటాడు. టీనేజీలో నలుగురూ తనను ఎలా చూస్తున్నారన్నదే బెంగ. ఎరిక్ ఎరిక్సన్ 1950లో ప్రచురించిన గ్రంథంలో, ఈ ఎదుగుదల ముసలితనం దాకా ఎనిమిది దశల్లో సాగుతుందని వివరించాడు. ఆయనా మనలాగే వలస వచ్చినవాడు. జర్మనీలో పుట్టి, 1933లో అమెరికా చేరి, ఇక్కడ ఇంటిపేరు కూడా మార్చుకున్నాడు.

మన ఇళ్లలోకి చూసుకుందాం. బడిలో తన పేరు ఎవరూ సరిగ్గా పలకక, దాన్ని కురచ చేసుకున్న అబ్బాయి. డిగ్రీలు పెట్టెలో దాచి, డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్న కోడలు. 2001లో, 2008లో ఉద్యోగం పోయి, దానితోపాటు తానే పోయినట్టు కుంగిపోయిన ఇంటి యజమాని. ఊళ్లో అందరిచేతా "మాస్టారూ" అనిపించుకుని, ఇక్కడ గుడికి వెళ్లాలన్నా కొడుకు సెలవు కోసం ఎదురుచూసే తాతగారు. వీరందరికీ నీటిలోని రూపం చెదిరింది. బాధ నిజమే. కానీ ఆ రూపమే తామనుకుంటే విరోచనుడి దగ్గరే ఆగిపోయినట్టు.

బెజవాడ ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మను ఈ పండుగ రోజుల్లో బాలాత్రిపురసుందరిగా, అన్నపూర్ణగా, మహిషాసురమర్దినిగా, రాజరాజేశ్వరిగా దర్శిస్తాం. రోజుకో చీర, రోజుకో అలంకారం. ఏ అలంకారం తీసినా అమ్మ అమ్మే. మనకు వయసు, ఉద్యోగం, దేశం అలాంటి అలంకారాలు. వాటిని శ్రద్ధగా ధరించాలి, సమయం వచ్చినప్పుడు దిగులు లేకుండా తీసిపెట్టగలగాలి.

ఇంకొక్క మాట. ఇంద్రుడు తిరిగి వచ్చిన ప్రతిసారీ ప్రజాపతి విసుక్కోలేదు. ఎందుకు వచ్చావని అడిగాడు, సందేహం విన్నాడు, నీవన్నది నిజమేనన్నాడు, మళ్లీ చెబుతానన్నాడు. మన పిల్లలు "నేను ఇండియనా, అమెరికనా?" అని అడిగినప్పుడు మనం చేయవలసిందీ అదే. ఈ నవరాత్రులలో బొమ్మల కొలువు ముందు కూర్చున్నప్పుడు వారి మాట పూర్తిగా విందాం. తాతగారిని ఆయన బడి కబుర్లు అడుగుదాం. కోడలిని, ఏం చేయాలనుందమ్మా అని అడుగుదాం. జవాబు ఈ పండుగకే దొరకకపోవచ్చు. అడిగినవారికి మన ఇంటి తలుపు తెరిచి ఉంటే చాలు.

జగన్మాత అందరినీ చల్లగా చూచుగాక. స్వస్తి.