ఆతతాయి అని తేల్చేదెవరు?

మీదికి ఆయుధమెత్తి వస్తున్నవాణ్ణి చంపితే దోషం లేదని మన ధర్మశాస్త్రాలు చెప్పాయి. అలాంటివాడు ఆతతాయి, వాడు గురువైనా, వృద్ధుడైనా వెనకాడవద్దని మనుస్మృతి అనుమతి. నేటి చట్టమూ దీన్ని కాదనలేదు. పాత ఐపీసీలో 96 నుంచి 106 వరకు, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ప్రాణం కాపాడుకోవడానికి ప్రాణం తీసే హక్కును పోలీసుకీ, పొలానికి పోయే రైతుకీ ఒకే కొలతతో ఇచ్చాయి. కాబట్టి పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే కాల్చినవారి మీద కేసు పెట్టాలా వద్దా అన్న వాదంలో ఆత్మరక్షణ హక్కు గురించి తగవే లేదు. చనిపోయినవాడు ఆ క్షణాన ఆతతాయే అని ఎవరు తేల్చాలన్నదే తగవు. చంపినవాడే తేల్చుకుంటే ఆ హక్కు హక్కుగా మిగలదని, ధర్మం దృష్టిలోనూ చట్టం దృష్టిలోనూ అతను మూడో మనిషి ముందు నిలబడి జవాబు చెప్పాల్సిందేనని నా వాదన.

తెలుగు నేలకు ఈ ప్రశ్న కొత్త కాదు. నక్సలైట్ ఉద్యమ కాలం నుంచి పౌరహక్కుల సంఘం, కన్నబిరాన్, బాలగోపాల్ వంటి న్యాయవాదులు కోర్టుల్లో పట్టుబట్టి అడిగింది ఇదే. ఎదురుకాల్పుల తర్వాత స్టేషన్లో మామూలుగా రాసే ఎఫ్ఐఆర్ చూస్తే వారి బాధ అర్థమవుతుంది. ఫిర్యాదుదారు కాల్పులు జరిపిన బృందంలోని అధికారి. నిందితుడి పేరు రాసేచోట చనిపోయినవాడి పేరు. నేరం, పోలీసుల మీద హత్యాయత్నం. నిందితుడు బతికి లేడు గనుక కేసు అక్కడితో మూతపడుతుంది. ఒక మనిషి తూటా తగిలి పోయాడన్న సంగతి ఆ కాగితంలో ఉంటుంది, కానీ ఆ చావు గురించి ఎవరినీ ఏమీ అడగరు. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పద్ధతిని తప్పుపట్టింది. చావుకు కారణమైన పోలీసుల మీద కేసు నమోదు చేయాలని, ఆత్మరక్షణ నిజమో కాదో విచారణలోనే తేలాలని చెప్పింది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కొద్ది వారాల్లోనే స్టే వచ్చింది. 2014లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలిచ్చింది. ఎఫ్ఐఆర్ తప్పనిసరి, దర్యాప్తు సీఐడీగానీ వేరే స్టేషన్ బృందంగానీ చేయాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి, ఘటన జరిగిన వెంటనే పతకాలూ ప్రమోషన్లూ ఇవ్వకూడదు. అన్నీ అవసరమైనవే. అయితే నిందితుడి పేరు రాసేచోట ఎవరి పేరుండాలో సూటిగా చెప్పలేదు. పాత అలవాటు కొనసాగడానికి ఆ సందు చాలింది.

నిందితుడని పేరు రాయడమంటే నేరస్థుడని తీర్పు చెప్పడమే అన్న భయం ఈ వాదం నిండా ఉంది. ఆ భయానికి ఆధారం లేదు. మినహాయింపు కోరేవాడే దాన్ని రుజువు చేసుకోవాలని సాక్ష్యాధారాల చట్టం 105వ సెక్షన్ చెప్పింది. ఇప్పటి కొత్త చట్టంలోనూ ఆ నియమం అలాగే ఉంది. అన్నను చంపి ఆత్మరక్షణ అన్న తమ్ముడు కోర్టు మెట్లెక్కాల్సిందే. చంపడం మామూలుగా తప్పు గనుకనే దానికి సమర్థన కావాలి. అడిగేవాడే లేనప్పుడు సమర్థన ఎవరికి చెప్పుకున్నట్టు?

భాగవతం మొదటి స్కంధంలోని అశ్వత్థామ కథ ఈ విషయంలో నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. నిద్రపోతున్న ఉపపాండవులను చంపినవాడు అతను. అతని నేరంలో ఎవరికీ సందేహం లేదు. అర్జునుడు పట్టి, కట్టి తెచ్చాడు. దారిలోనే చంపెయ్యమని కృష్ణుడంతటివాడు చెప్పినా చంపకుండా ద్రౌపది ముందుకు తెచ్చి నిలబెట్టాడు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి వదిలెయ్యమంది. భీముడు చంపాల్సిందేనన్నాడు. ధర్మరాజు, నకుల సహదేవులు, సాత్యకి అందరూ ఉన్నారు. ఆ తర్వాతే శిక్ష తేలింది. జుట్టు కత్తిరించి, శిరోమణి తీసి వెళ్ళగొట్టారు. కట్టి తెచ్చిన క్షణం నుంచి అతను నిన్నటి ఆతతాయే తప్ప, ఆ క్షణాన ఎవరి ప్రాణానికీ ముప్పు కాదు. అందుకే పదిమంది ఎదుట మాట అవసరమైంది. అశ్వత్థామ బతికింది బ్రాహ్మణ పుట్టుక వల్ల కదా అనే ఆక్షేపణ న్యాయమైనదే. ఎదురుకాల్పుల్లో పోయిన ఆదివాసీలకూ, పేదలకూ అలాంటి కవచం లేదు. రాజ్యాంగం 14, 21 అధికరణాలు ఆ కవచాన్ని పుట్టుకతో ముడిపెట్టకుండా అందరికీ ఇచ్చాయి.

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసు అదుపులో ఉన్న నలుగురు అత్యాచారం, హత్య కేసు నిందితులు తూటాలకు చనిపోయారు. పిస్తోళ్ళు లాక్కుని కాల్చారని పోలీసులు చెప్పారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కథనాన్ని నమ్మలేదు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని నిర్ధారించి, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. ఈ ఒక్క సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. వయసు తేల్చడం కోర్టులో మొదట జరగాల్సిన పని. బడి రికార్డులు తెప్పించి చూసే ఆ చిన్న పనికి కూడా ఆ తెల్లవారుజామున చోటు లేకపోయింది.

పోలీసుల పక్షాన చెప్పే మాట తేలికైనది కాదు. పోలీసు అధికారులైన కె.ఎస్. వ్యాస్‌ను 1993లో, ఉమేశ్ చంద్రను 1999లో హైదరాబాదు నగరంలోనే నక్సలైట్లు కాల్చి చంపారు. అడవిలో రెండు క్షణాల్లో తీసుకున్న నిర్ణయాన్ని కోర్టు గదిలో రెండేళ్ళు తూకం వేస్తే ఏ కానిస్టేబుల్ ట్రిగ్గర్ మీద వేలు పెడతాడని అడుగుతారు. కానీ చట్టం అడిగేది త్రాసు లెక్క కాదు. ఆ క్షణాన ప్రాణభయం సహేతుకమా అన్నంతవరకే. నిజంగా ఎదురుకాల్పులే జరిగితే తూటా దూరం, గాయాల దిశ, ఖాళీ తూటా గొట్టాలు అతని పక్షానే మాట్లాడతాయి. విధి నిర్వహణలో చేసిన పనికి ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రాసిక్యూషన్ సాగకూడదన్న రక్షణా ఉంది. విచారణ లేకపోతే నిజాయితీగా కాల్చినవాడూ, పై నుంచి వచ్చిన మాట విని కాల్చినవాడూ ఒకే అనుమానం కింద బతకాలి. ఆ మాట చెప్పిన పై అధికారి మాత్రం ఏ కాగితంలోనూ కనిపించడు.

చివరి ఆక్షేపణ పూలు చల్లినవాళ్ళది. కోర్టులు ఏళ్ళు తీసుకుంటాయి, ఆడపిల్లల తల్లిదండ్రులు ఎంతకాలం ఎదురుచూడాలి? వారి కోపం నిజం, దాన్ని నేను చిన్నబుచ్చను. కాని చటాన్‌పల్లి లాంటి కాల్పులు అత్యాచార కేసుల విచారణకు వేగం తేవు. ఖాళీగా ఉన్న జడ్జి పోస్టులు నింపాలని, ఫోరెన్సిక్ ల్యాబ్‌లు పెంచాలని పట్టుబట్టాల్సిన ప్రభుత్వాల మీద ఆ ఉదయం ఒత్తిడి తగ్గిపోయింది. దండం ధర్మం తప్పితే రాజునే బంధువులతో సహా నాశనం చేస్తుందని అదే మనుస్మృతి ఏడో అధ్యాయం హెచ్చరించింది. ఆతతాయి శ్లోకం గుర్తుపెట్టుకున్నవాళ్ళు దీన్నీ చదవాలి.