పగటి నిద్రకు తలుపు వెయ్యి తల్లీ

నైట్ డ్యూటీ దిగి రాగానే స్నానం చేసి వంటింట్లోకి దూరుతున్నావని మీ అత్తగారు ఫోన్లో తెగ మెచ్చుకున్నారమ్మా. నాకు మాత్రం గుండె గుభేలుమంది. వార్డుల్లో తల పండినదాన్ని, నా మాట విను.

తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా ఒళ్లు మన మాట వినదు. ఒంట్లో వేడి బాగా తగ్గి, బుర్ర మొద్దుబారే వేళ అది. నీ చార్టే చూసుకో, పదింటికి ముత్యాల్లా రాసిన బీపీ అంకెలు నాలుగింటికి గడి దాటి కిందికి జారుతుంటాయి. ఆ వేళప్పుడు ఇన్సులిన్ గానీ, హెపారిన్ గానీ, పొటాషియం గానీ ఒక్కదానివే ఇవ్వకు. పక్క సిస్టర్ని పిలిచి డోసు పైకి చదివించు. విసుక్కుంటే విసుక్కోనీ.

రెండు దాటాక టీ కాఫీలు వద్దు. తాగిన ఐదు గంటలకు కూడా కెఫీన్ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది, ఇంటికొచ్చాక కన్ను మూతపడనివ్వదు. వీలు దొరికితే ఇరవై నిమిషాలు కునుకు తియ్యి. అంతకు మించితే లేచాక తల దిమ్మెక్కి ఉంటుంది. స్టాకులో ఉన్నాయి కదా అని నిద్రమాత్రల జోలికి మాత్రం పోకు.

అన్నిటికంటే నాకు భయం నీ స్కూటీ. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు రెప్ప వాలిందంటే బండి 22 మీటర్లు పోతుంది. కళ్లు తెరిచే ఉన్నాననుకుంటాం, మధ్యలో మనసు ఆరిపోయిన సంగతే తెలీదు. నైట్లు ఉన్నన్నాళ్లూ ఆటోలో రా. డబ్బు గురించి ఆలోచించకు.

పొద్దుటి ఎండ కంట్లో పడితే ఒళ్లు తెల్లారిందనుకుంటుంది. అందుకే దారిలో నల్లద్దాలు పెట్టుకో. గదికి మందపాటి కర్టెన్ వెయ్యి, ఫోను సైలెంట్‌లో పెట్టు. ఎంత చేసినా పగటి నిద్ర రాత్రి నిద్రంత పట్టదు. ఆ కాస్తనీ కూరలవాడి కేకకూ కాలింగ్ బెల్లుకూ వదులుకుంటే ఎలా? ఇంట్లో వాళ్లు చెడ్డవాళ్లు కారు తల్లీ, పట్టపగలు పడుకున్న కోడలిని చూడటం వాళ్లకు అలవాటు లేదు, అంతే.

వదినగారితో నేనే మాట్లాడాను. తొమ్మిది నుంచి మూడు దాకా నిన్నెవరూ లేపకూడదని చెప్పాను, సరేనన్నారు. ఇక నువ్వు మొహమాటపడి మధ్యలో లేచి రాకు.