గుట్టు, అప్పు, సంతకం

తెలుగులో ‘గుట్టు’ అన్న మాట ఒకేసారి మెచ్చుకోలుగానూ అనుమానంగానూ వినిపిస్తుంది. గుట్టుగా సంసారం నడుపుకొచ్చే ఇల్లాలిని నలుగురూ పొగుడుతారు. అదే గుట్టు రట్టయిన నాడు ఇంటి పరువు వీధిన పడిందని ఆ నలుగురే అంటారు. లేమిని పొరుగింటి గడప దాటనీయకుండా ఉన్నదాంట్లో సర్దుకురావడం ఎక్కడి వరకు సుగుణమో, ఎక్కడి నుంచి దాపరికమో చెప్పే గీత ఏ ఇంటి గోడ మీదా గీసి ఉండదు. గృహ ఉత్కంఠ సాహిత్యం, అంటే డొమెస్టిక్ సస్పెన్స్ అన్న పేరుతో ప్రచారంలో ఉన్న రచనాశాఖ, పుట్టింది ఆ గీత కనిపించని చోటే. ఈ కథల్లో ఆపద బయటి నుంచి గోడ దూకి రాదు. తాళంచెవి కొంగున ఉన్న మనిషి దగ్గరో, జేబులో ఉన్న మనిషి దగ్గరో మొదలై, భోజనాల వేళ పలకరింపుల మధ్యనే పెరుగుతుంది. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్న సామెత బయటపడిన రహస్యం తెచ్చే కీడును గుర్తుచేస్తే, ఈ సాహిత్యం బయటపడని రహస్యం ఇంటిని లోపలి నుంచి ఎలా తినేస్తుందో చూపుతుంది.

కుటుంబ రహస్యం అనగానే పాఠకుడి ఊహ అక్రమ సంబంధం వైపో, మరుగున పడిన పుట్టుక వైపో పోవడం సహజమే గాని, ఈ శాఖలో నిలిచిన రచనలను ఓపికగా విప్పి చూస్తే అట్టడుగున ఎక్కువగా కనిపించేది డబ్బు: తీర్చలేని అప్పు, పోయిన ఉద్యోగం, మరొకరి పేరుతో పెట్టిన సంతకం. పరాయి మోహాన్ని ఒప్పుకున్న మనిషి పాపిగానైనా మనిషిగానే మిగులుతాడు. అప్పుల్లో కూరుకుపోయానని ఒప్పుకున్నవాడు మాత్రం ఇల్లు నడపడానికే పనికిరానివాడిగా తన కళ్లకే కనిపిస్తాడు. అందుకే ప్రేమ వ్యవహారం కంటే ఎక్కువ కాలం, ఎక్కువ మందికి తెలియకుండా అప్పు దాగుతుంది. అలా దాచడానికి మనిషి బలహీనతే కారణమనుకోవడం సగం నిజమే అవుతుంది, ఎందుకంటే ఆ ఇంట్లో ఎవరి సంతకం చెల్లుతుంది, ఎవరిది చెల్లదు అన్న చట్టం మిగతా సగాన్ని ముందే రాసిపెట్టి ఉంచింది.

ఇంగ్లండులో 1860ల నాటి ‘సెన్సేషన్ నవల’, అంటే నేరాన్నీ భయాన్నీ పాడుబడిన కోటల్లోంచి మర్యాదస్తుల నట్టింట్లోకి తెచ్చిన నవల, ఈ సాహిత్యానికి తొలి రూపం. అప్పటి ఇంగ్లీషు న్యాయంలో ‘కవర్చర్’ అనే సూత్రం ఉండేది. పెళ్లితో భార్య న్యాయపరమైన అస్తిత్వం భర్త అస్తిత్వంలో కలిసిపోతుందని, ఇద్దరూ కలిసి చట్టం ముందు ఒక్క వ్యక్తేనని దాని అర్థం. బ్లాక్‌స్టోన్ 1765లో వెలువరించిన వ్యాఖ్యానం దాన్ని స్పష్టంగా వివరించింది. విల్కీ కాలిన్స్ రాసిన ‘ద ఉమన్ ఇన్ వైట్’ 1859 నవంబరు నుంచి డికెన్స్ పత్రికలో ధారావాహికగా వచ్చినప్పుడు పాఠకులు వారం వారం ఎదురుచూసింది తెల్లబట్టల స్త్రీ ఎవరో తెలుసుకోవడానికే కావచ్చు, కాని ఆ కథను నడిపించేది ఇరవై వేల పౌండ్ల ఆస్తి. సర్ పర్సివల్ గ్లైడ్ అప్పుల్లో మునిగి ఉన్నాడు. భార్య లారా పిల్లలు లేకుండా చనిపోతే ఆ సొమ్ము తనకు వచ్చేలా పెళ్లి ఒడంబడికలోనే రాయించుకున్నాడు. ఒకరోజు అతడు ఒక దస్తావేజు తెచ్చి, రాసి ఉన్నదంతా మడత కింద దాగి సంతకం చోటు మాత్రమే కనిపించేలా బల్ల మీద పరిచి, భార్యను సంతకం చేయమంటాడు. ఏముందో చదవనిదే చేయనని ఆమె నెమ్మదిగా అంటుంది. అతడి కోపం, పక్కనున్నవారి జోక్యం, మడత విప్పని ఆ కాగితం తప్ప ఆ గదిలో ఇంకేమీ జరగదు. శవమూ కత్తీ లేని ఆ సన్నివేశం పుస్తకం మొత్తంలోకీ భయంకరమైనదని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

మేరీ ఎలిజబెత్ బ్రాడన్ ‘లేడీ ఆడ్లీస్ సీక్రెట్’ 1862లో పుస్తకంగా వచ్చింది. భర్త బంగారం వెతుక్కుంటూ ఆస్ట్రేలియా వెళ్లిపోగా, పసిబిడ్డతోనూ తాగుబోతు తండ్రితోనూ మిగిలిపోయిన యువతి పేరు మార్చుకుని, పిల్లలకు చదువు చెప్పే కొలువులో చేరి, చివరికి ఒక ధనికుణ్ణి పెళ్లాడుతుంది. బతికొచ్చిన మొదటి భర్త ఎదురుపడినప్పుడు అతడు బావిలో పడేలా చేస్తుంది. ఆమె దాచిన అసలు రహస్యం ఉన్మాదమని నవల చివర్లో చెబుతుంది గాని, ఆమెను పరీక్షించిన వైద్యుడే మొదట ఆ మాటను ఒప్పుకోడు. పేదరికం నుంచి తప్పించుకోవడానికి లెక్క వేసుకుని చేసిన పనుల్లా అవి అతడికి కనిపిస్తాయి. పిచ్చి అన్న పేరు పెట్టి ఆమెను విదేశంలోని ఆశ్రమానికి పంపేయడం ఆ కుటుంబానికి అనుకూలించింది, ఎందుకంటే పేదరికం అన్న పేరు పెడితే విచారణ ఆ ఒక్క స్త్రీతో ఆగేది కాదు.

ఈ రచనలన్నిటిలోనూ అప్పును అత్యంత సన్నిహితంగా, అత్యంత నిజాయితీగా చూసినది నవల కాదు, నాటకం. హెన్రిక్ ఇబ్సెన్ ‘ఎ డాల్స్ హౌస్’ 1879 డిసెంబరులో అచ్చయి అదే నెల కోపెన్‌హేగెన్‌లో ప్రదర్శితమైంది. స్త్రీ స్వేచ్ఛను గురించిన నాటకంగా పేరు పొందిన ఈ రచన నిర్మాణంలో మాత్రం పూర్తిగా ఉత్కంఠ కథ. ఒక ప్రామిసరీ నోటు, అంటే అప్పు తిరిగి చెల్లిస్తానని రాసిచ్చే పత్రం, మూడు అంకాల పాటు తెర వెనుక తిరుగుతూ ఉంటుంది. భర్త టోర్వాల్డ్ జబ్బుపడినప్పుడు అతడి ప్రాణం కోసం ఇటలీకి తీసుకువెళ్లాలని వైద్యులు రహస్యంగా చెబితే, నోరా క్రోగ్‌స్టాడ్ అనే వ్యక్తి దగ్గర 4,800 క్రోనర్లు అప్పు తెస్తుంది. వివాహిత భర్త సమ్మతి లేకుండా అప్పు చేయలేని కాలం కనుక, తండ్రి హామీ సంతకం కావలసి వచ్చింది. తండ్రి మరణశయ్య మీద ఉన్నాడు. ఆయనను బాధపెట్టలేక ఆమే ఆ సంతకం పెట్టింది. సంతకం కింద తేదీ అక్టోబరు 2; తండ్రి చనిపోయింది సెప్టెంబరు 29న. ప్రేమతో చేసిన పనికీ నేరానికీ మధ్య అక్కడ మిగిలిన దూరం మూడు రోజులు.

ఆ అప్పు తీర్చిన తీరును ఇబ్సెన్ ఇంటి లెక్కల పుస్తకం రాసినంత వివరంగా రాశాడు. ఇంటి ఖర్చులో కోత పెట్టడానికి లేదు, ఎందుకంటే భర్త భోజనంలో తేడా కనిపించకూడదు. పిల్లల బట్టల్లోనూ కోత పెట్టలేదు. తన బట్టలకిచ్చిన సొమ్ములోంచే సగం మిగుల్చుకుంది. ఒక శీతకాలమంతా రాత్రిళ్లు గదికి గడియ పెట్టుకుని నకళ్లు రాసే పని చేసింది. అలసట ఎంత ఉన్నా, మగవాడిలా సంపాదిస్తున్నానన్న ఆనందం అందులో ఉండేదని స్నేహితురాలికి చెప్పుకుంటుంది. అంతకంటే లోతైన మాట ఇంకొకటి అదే సంభాషణలో ఉంది: ఏనాటికైనా తన అందం తగ్గి, భర్తకు తన మీద మోజు తీరిన రోజున ఈ సంగతి చెప్పుకోవడానికి దాచి ఉంచుకుంటానంటుంది. తన పేరు మీద చిల్లిగవ్వ లేని స్త్రీకి ఆ రహస్యమే పొదుపు. ముసలితనానికి దాచుకున్న ఏకైక సొమ్ము. ఇంటి గుట్టును దోషంగానో భయంగానో మాత్రమే చూసే విమర్శకులకు ఈ మాట అందదు. గుట్టు కొందరికి ఆస్తి కూడా.

ఇక ఉత్తరాల పెట్టె సంగతి. ఈ గుట్టును బయటపెడుతూ క్రోగ్‌స్టాడ్ రాసిన ఉత్తరం ఆ పెట్టెలో పడింది. దాని తాళంచెవి టోర్వాల్డ్ దగ్గరే ఉంటుంది. తన ఇంటికి వచ్చిన ఉత్తరాన్ని తీసుకునే వీలు ఆ ఇల్లాలికి లేదు. పెట్టె తెరవబోయిన టోర్వాల్డ్‌కు తాళంలో విరిగిన తలపిన్ను దొరుకుతుంది. పిల్లల పనై ఉంటుందని నోరా అంటుంది. కాలిన్స్ మడతపెట్టిన కాగితానికీ ఈ విరిగిన పిన్నుకూ చుట్టరికం ఉంది. మొదటిదానిలో మగవాడు స్త్రీ చేత చదవకుండా సంతకం చేయించాలని చూస్తాడు. రెండోదానిలో తన జీవితాన్ని నిర్ణయించే ఉత్తరాన్ని చేరుకోవడానికి స్త్రీ చేతిలో ఉన్న ఏకైక పనిముట్టు తలలోని పిన్ను. ఉత్తరం చదివిన భర్త ఆమెను అబద్ధాలకోరుగా, పిల్లలను పెంచడానికి తగనిదానిగా తిడతాడు; మరికాసేపట్లో అప్పుపత్రం తిరిగి రాగానే తాను గట్టెక్కానని కేక వేస్తాడు. ఆ కేకలో ఆమె లేదు. నోరా ఇల్లు వదలడానికి కారణం ఆ కేకే గాని, అంతకుముందు తిన్న తిట్లు కావు.

ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో పేర్లు మారాయి గాని తాళంచెవి చేతులు మారడానికి చాలాకాలం పట్టింది. ఎలిజబెత్ సాంక్సే హోల్డింగ్ 1947 నవల ‘ద బ్లాంక్ వాల్’లో భర్త యుద్ధంలో ఉండగా కూతురి కోసం ఒక తల్లి బెదిరింపులకు లొంగుతూ, రేషను కూపన్ల మధ్య ఇంటిని మామూలుగా నడుపుతూనే డబ్బు కోసం తంటాలు పడుతుంది. పెళ్లయిందా లేదా అన్న కారణంతో అప్పు నిరాకరించడాన్ని అమెరికా చట్టం నిషేధించింది 1974లో. నోరా నాటకం వచ్చిన తొంభై అయిదేళ్లకు. గిలియన్ ఫ్లిన్ ‘గాన్ గర్ల్’ 2012లో వచ్చేనాటికి భార్యకు సంతకం చేసే హక్కు ఉంది. పోయిన ఉద్యోగాలు, భార్య సొమ్ముతో పెట్టిన బార్, భర్త పేరు మీద రహస్యంగా పెంచిన క్రెడిట్ కార్డు బాకీలు ఆ నవలలో ఆయుధాలవుతాయి. ఆ నవల చతురమైనదే, కాని నోరా నకళ్ల రాత్రుల్లో ఉన్న బరువు అందులో లేదు; హక్కు వచ్చాక కూడా మిగిలిన మౌనాన్ని అది కుట్రగా మార్చి సరిపెట్టుకుంది.

తెలుగు నేల మీద దాచిన అప్పు సంగతికి చట్టపరమైన మూలం వేరు. హిందూ న్యాయంలోని మితాక్షర సంప్రదాయంలో ‘పవిత్ర బాధ్యత’ అనే నియమం ఉండేది. దుర్వ్యసనాల కోసం చేయని తండ్రి అప్పును తీర్చడం కొడుకుకు ధర్మమే కాక, చట్టరీత్యా కూడా విధి అని దాని సారం. 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం ఆ తర్వాత చేసే అప్పుల విషయంలో దాన్ని తొలగించింది. పెద్దకర్మ నాటికి ఇంటి ముందు నోట్లు పట్టుకుని నిలబడే అప్పులవాళ్ల వల్ల తండ్రి గురించి కొడుకు మొదటిసారి తెలుసుకోవడం, నగలు బీరువాలో కాక తాకట్టులో ఉన్నాయని తల్లికి ఆ రోజే తెలియడం ఇక్కడి పాఠకులకు కొత్తగా వర్ణించి చెప్పనక్కరలేని దృశ్యం. మరోవైపు, 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భర్త తన ప్రాణం మీద తీసుకున్న బీమా భార్యాబిడ్డల కోసమేనని ఆ పాలసీ మీదే రాయిస్తే, ఆ సొమ్ము వారి పేర ట్రస్టుగా నిలుస్తుంది, అప్పులవాళ్లు దాన్ని తాకలేరు. ఈ రక్షణ 1923 సవరణతో హిందువులందరికీ వర్తించింది. బీమాను హత్యకు ప్రేరణగా చూపిన నేరకథలు చదివినవారు, అదే బీమా ఒక వాక్యం రాయించడంతో విధవరాలికి గొడుగు కాగలదని తెలుసుకోవడం అవసరం. ఆ వాక్యం రాయించాలంటే ముందు భార్యాభర్తలు అప్పుల మాట ఎత్తుకోవాలి.

నోరా కల్పిత పాత్ర అయినా ఆమె అప్పు కల్పితం కాదు. లారా కీలర్ అనే రచయిత్రి క్షయతో బాధపడుతున్న భర్తను ఇటలీకి తీసుకువెళ్లడానికి రహస్యంగా అప్పు చేసింది. తీర్చే దారి లేక తన రాతప్రతిని ఇబ్సెన్‌కు పంపి, ప్రచురణకర్తకు సిఫారసు చేయమని వేడుకుంది. ఆయన నిరాకరించి, భర్తకు అంతా చెప్పేయమని సలహా ఇచ్చాడు. ఆమె ఆ ప్రతిని తగలబెట్టి, దొంగ సంతకానికి పూనుకుంది. భర్తకు తెలిసింది, ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్పించారు, పిల్లలను దూరం చేశారు. నాటకంలో నోరా తలుపు వేసుకుని బయటికి వెళ్లిపోతుంది. లారా పిల్లల కోసం ఇంట్లోకి రానివ్వమని భర్తను బతిమాలింది, అతడు రానిచ్చాడు. నాటకం ఐరోపా అంతా తిరిగి, ‘నోరా’ అంటే ఆమేనన్న మాట ఊరూరా పాకిన తర్వాత కూడా ఆమె పుస్తకాలు రాస్తూనే ఉంది. 1932లో, ఎనభై మూడేళ్ల వయసులో మరణించింది.